వడపోసిన నీళ్లు

సీసాలో ఉన్న సాక్ష్యం నాలుగు రోజుల్లో సగమైపోతుంది. మరో నాలుగు రోజులకు ఆ సగంలో సగం. దాన్ని ఎవరూ దొంగిలించనక్కర్లేదు. మూత బిగించి, బీరువాలో పెట్టి తాళం వేసినా తరిగిపోతూనే ఉంటుంది.

అలా తరిగిపోయేదాన్ని తరిగేలోపు లెక్కపెట్టడమే పన్నెండేళ్లుగా జ్యోత్స్న ఉద్యోగం.

మే నెలాఖరు శనివారం ఉదయం ఏడు గంటలకు ఆమె జీపు తాడేపల్లిగూడెంలో ల్యాబు ముందు ఆగింది. ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట రెండు రోజులు పడవ మీద గడిపి వస్తోంది. వెనక సీట్లో ఇరవైనాలుగు గాజు సీసాలు, వాటి నిండా సముద్రం నీళ్లు. పెదాల మీద ఇంకా ఉప్పు చేరి ఉంది. రెండు రాత్రుల్లో ఆమె పడుకున్నది మొత్తం నాలుగు గంటలు.

"దిగండి మేడమ్," అన్నాడు నెల్సన్. ల్యాబ్ టెక్నీషియన్ అతనే, డ్రైవరూ అతనే. "మీరు దిగితే నేనూ దిగుతాను. లేకపోతే ఇద్దరం ఇక్కడే నిద్రపోయేలా ఉన్నాం."

"సీసాకి గంట వేసుకో. ఎప్పటికవుతుంది?"

"పడుకుని లేచా, పడుకోకుండానా?"

"పడుకోకుండా."

"రేపు పొద్దున ఏడింటికి. సోమవారం హైదరాబాద్ వాళ్లొచ్చి వాళ్ల మిషను పట్టుకుపోతారు. అంచేత పడుకోకుండానే లెండి."

జ్యోత్స్న వెతికేది రేడాన్ కోసం. నేల లోపల ఇసుకలో, మట్టిలో ఈ వాయువు ఎప్పుడూ పుడుతూనే ఉంటుంది. భూగర్భజలంలో కరిగి ఉంటుంది. ఆ నీరు పైకొచ్చి గాలి తగిలితే ఎగిరిపోతుంది. అందుకే కాలువలో, చెరువులో, సముద్రంలో అది ఉండీ లేనట్టే ఉంటుంది. ఎక్కడైనా గట్టిగా కనబడిందంటే అక్కడ అడుగునుంచి నీరు ఊరుతోందని అర్థం. డెల్టా కింద నుంచి ఎంత నీరు ఎవరికీ కనబడకుండా సముద్రంలోకి పోతోందో తేల్చడం ఆమె ప్రాజెక్టు. నాలుగో ఏడు నడుస్తోంది. జూలైలో కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో ఈ ఇరవైనాలుగు సీసాల మీద ఉంది.

అయితే ఆ ఉదయం ఆమె ముందు అందుకున్నది ఇరవైఅయిదో సీసాని.

అది వాచ్‌మన్ బల్ల మీద ఉంది. నిన్న సాయంత్రం బస్సులో వచ్చింది. చుట్టూ పాత దినపత్రిక, దాని మీద పురికొస, లోపల ఒక చీటీ. 'గురువారం సాయంత్రం 5 గం. నత్తలంక మంచినీళ్ల చెరువు. యాకోబు.'

*

నత్తలంక కొల్లేటి అంచున ఉన్న ఊరు. ఇరవైరెండేళ్లుగా ఆ ఊరి నీళ్లు యాకోబు చేతిలో ఉన్నాయి. పంచాయతీ నీళ్ల మనిషి అతను. కాలువ వచ్చినప్పుడు తూము షట్టరు ఎత్తి చెరువు నింపుతాడు, ట్యాంకుకి పంపు వేస్తాడు, బ్లీచింగ్ కలుపుతాడు. మిగిలిన వేళల్లో పడవ నడుపుతాడు. జ్యోత్స్న కొల్లేటిలో నాలుగేళ్లు తిరిగింది అతని పడవ మీదే.

మూడు వారాల కిందట నత్తలంక చెరువు ఉప్పబడింది.

ఆ చెరువుకి రెండో వైపు ఇంకో షట్టరు ఉంది, డ్రెయిన్లోకి. వేసవిలో సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పుటేరు వెనక్కి తన్ని ఆ డ్రెయిన్ కూడా ఉప్పగా మారుతుంది. అప్పుడు షట్టరు తెరిచి ఉంటే చెరువు పోయినట్టే. యాకోబు దాన్ని మూయడం మరిచిపోయి నిద్రపోయాడని మాజీ సర్పంచ్ అబ్బాయిరాజు ఫిర్యాదు పెట్టాడు. అతన్ని పని నుంచి ఆపేశారు. సోమవారం ఏలూరులో విచారణ. తప్పు రుజువైతే పనిలోంచి తీసేస్తారు. అంతకన్నా పెద్ద శిక్ష అప్పుడే మొదలైంది. ఊళ్లో ఆడవాళ్లు డబ్బా నీళ్ల కోసం వరసలో నిలబడి అతన్ని చూస్తే మొహం తిప్పుకుంటున్నారు.

బుధవారం అతను ఫోన్ చేశాడు. నాలుగేళ్లలో మొదటిసారి తన కోసం ఏదో అడిగాడు.

"షట్టరు నేను మూశానండి. నా చేత్తో మూశాను. ఉప్పు అడుగునుంచి వస్తుందని నా అనుమానమండి. నిరుడు చెరువు లోతు చేసినప్పుడు ఈశాన్యం మూల పొక్లెయిన్ బకెట్లో ఇసక వచ్చిందండి. బంకమట్టి దాటిపోయారు, ఆపండి రాజుగారూ అన్నాను. నువ్వు నీళ్లు చూసుకో, మట్టి నేను చూసుకుంటానన్నారు. ఆ మట్టంతా ఆయన చేపల చెరువుల గట్లకి పోయిందండి."

అడుగునుంచి వస్తుంటే రేడాన్ చెబుతుంది. డ్రెయిన్ నుంచి వచ్చి ఉంటే అదీ చెబుతుంది. జ్యోత్స్న అప్పటికే సముద్రానికి బయల్దేరుతోంది.

"మీ దగ్గర నావి రెండు ఖాళీ సీసాలున్నాయి కదా. ఒకటి నింపి బస్సులో పంపండి. లోపల గాలి బుడగ ఉండకూడదు. ఒక్కటి కూడా."

"ఆయ్. బుడగ లేకుండా పంపుతానండి."

ఇప్పుడు ఆ సీసాని ఆమె కిటికీ వెలుగులో తిప్పి చూసింది. బుడగ లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. యంత్రంలో తేమ ఆరేసరికి పదిన్నర అయింది, అప్పుడు దానికి తగిలించింది. అరగంట తరవాత చిన్న తెర మీద అంకె వచ్చింది. గురువారం నుంచి తరిగినది కలుపుకున్నా యాభై దాటలేదు. సముద్రంలో తీసిన నమూనాల్లో కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

అడుగునుంచి చుక్క కూడా రావడం లేదని దాని అర్థం.

విచారణ చేస్తున్న డివిజన్ పంచాయతీ అధికారి సత్యవతి శనివారం మధ్యాహ్నంలోపు ఫలితం రాతపూర్వకంగా కావాలంది. జ్యోత్స్న మూడు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసి పంపించింది. పదకొండూ పదికి అవతల చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి. యాకోబుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎత్తనందుకు ఆమెకు కాస్త ఊరటగా అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే విసుగు పుట్టింది.

*

రెండు గంటలకు యాకోబే వచ్చాడు.

యాభైనాలుగేళ్ల మనిషి. మెడలో తుండు, చేతిలో గుడ్డసంచి. నత్తలంక నుంచి ఏలూరు, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం, రెండు బస్సులు. నాలుగో సముద్రం సీసా యంత్రం మీద ఉంది. జ్యోత్స్న కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"యాకోబు గారూ, ఫోన్ చేశాను."

"బస్సులో వినబళ్లేదండి. ఏలూరులో దిగాక మా అమ్మాయి లిడియా ఫోన్లో చెప్పింది. ఊళ్లో అందరికీ తెలిసిపోయిందటండి. రాజుగారి ఫోన్లోకి మీ కాగితం వచ్చేసిందట." అతని గొంతులో కోపం లేదు. అదే ఆమెకు కష్టంగా ఉంది. "పర్వాలేదండి. మొదటి సీసా నాకే నచ్చలేదండి. అందుకే రెండోది తెచ్చాను."

సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిదానికన్నా తేటగా ఉంది.

"మొదటిది సరిగ్గా తేరలేదేమో, మీ మిషనుకి అంతుపట్టి ఉండదు. ఇది రాత్రంతా బిందెలో తేర్చానండి. పొద్దున్నే పైనీళ్లు ఒంపి మూడు మడతల పంచెలో వడపోశాను. రెండుసార్లండి. ఒక్క నలక ఉంటే అడగండి."

"మొదటిది కూడా వడపోశారా?" అంది జ్యోత్స్న.

"వడపోయకుండా ఎలా పంపుతానండి? మిషను ఖరీదైందని మీరే అనేవోరు కదా. మట్టిపోతే పాడైపోద్దని. మీరు మాయింటికొచ్చినా వడపోసే ఇస్తాం మంచినీళ్లు. అయితే మొదటిది ఒక్కసారే పోశానండి, బస్సు టైమైపోతుందని."

నెల్సన్ గోడకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

నాలుగేళ్లు ఆమె పడవ అంచున వంగి, చేయి నీళ్లలో ముంచి, మూత లోపలే బిగించింది. అతను వెనక కూర్చుని గెడ వేశాడు. ఎందుకలా అని అతను అడగలేదు. ఇందుకని ఆమె చెప్పలేదు. బుడగ ఉండకూడదంది కానీ గాలి తగలకూడదని అనలేదు. గుడ్డలోంచి సన్నని ధారగా బిందెలోకి పడుతూ రేడాన్ ఎగిరిపోయి ఉంటుంది. ఏ నీళ్లతో తన మాట నిజమవుతుందో ఆ నీళ్లని అతను శుభ్రం చేసి పంపాడు.

తనేం చేసింది? ఎలా తీశారని ఒక్క మాట అడగలేదు. నిద్రకళ్లతో సంతకం పెట్టింది.

"ఏమైందండి?" అన్నాడు యాకోబు.

చెప్పింది. అతను చివరిదాకా విని తుండుతో మొహం తుడుచుకున్నాడు.

"అయితే నా పీక నేనే కోసుకున్నానన్నమాటండి."

"మీరు కాదు. నేను."

"మళ్లీ తీద్దాం మేడమ్," అన్నాడు నెల్సన్. "రేపు ఆదివారం ఉంది కదా."

యాకోబు తల అడ్డంగా ఊపాడు. "కాలువ వదిలేశారండి. నిన్నే ఆనకట్ట హెడ్డు దగ్గర నీళ్లు వదిలారు. సాయంత్రం ఆరింటికల్లా మా తూముకొచ్చేస్తుంది. షట్టరెత్తితే రేపటికి చెరువు గట్టుదాకా నిండిపోద్ది."

చెరువు నిండితే పై నీటి బరువుకి అడుగు ఊట ఆగిపోతుంది. ఆ తరవాత ఎన్ని సీసాలు ముంచినా కాలువ నీరే దొరుకుతుంది. ఆ కాలువ నీటిలో యాభై కూడా ఉండదు.

గడియారం రెండూ ఇరవై.

"సీసాలెన్ని కావాలి?" అన్నాడు నెల్సన్, సమాధానం ముందే తెలిసినవాడిలా.

"మూడు చోట్ల, చోటుకి రెండు. చెరువు మూల, చెరువు మధ్య, డ్రెయిన్. ఆరు."

"యాకోబు గారివి రెండు. మిగిలినవన్నీ సముద్రంతో నిండున్నాయి. లెక్కపెట్టినవి మూడే ఖాళీ చెయ్యొచ్చు. వేరే సీసాలకి ఈ మూత పట్టదు."

"ఇంకొకటి ఒంపెయ్యి."

"ఒంపితే మొత్తం వరస తెగిపోద్ది మేడమ్. పైగా మిషను ఊరికి తీసుకెళ్తే మిగతావాటి గతి?"

అది ఆమెకూ తెలుసు. ఒక్కో గంటా పోయేకొద్దీ ఆ ఇరవై సీసాల్లో ఉన్న కాస్తా పోతుంది. సముద్రం నీటిలో మొదటే తక్కువ. రేపటికి కొన్నిటిలో యంత్రం కనిపెట్టేంత కూడా మిగలదు.

పదకొండో నంబరు సీసా తీసి సింకులో ఒంపింది. ఏరు సముద్రంలో కలిసే మొగ నుంచి మూడు మైళ్లు లోపల, పడవ ఊగుతుంటే వాంతులు ఆపుకుంటూ తీసిన నీళ్లు. నాలుగు క్షణాల్లో అయిపోయాయి.

"పదండి," అంది.

*

యంత్రం విప్పి జీపులో సర్దుకుని పెంటపాడు దాటేసరికి మూడూ పావు. గణపవరం రోడ్డు పక్కన కాలువ ఎండి, అడుగున తూడు, చెప్పులు, సిమెంటు బస్తాలు కనబడుతున్నాయి. ఒకచోట నెల్సన్ జీపు నెమ్మది చేశాడు. కాలువలో నీళ్లు వస్తున్నాయి. వరదలా కాదు. చెత్తని ముందుకి తోసుకుంటూ, నురగ పెట్టుకుని, మనిషి నడిచినంత వేగంతో వస్తున్నాయి. పిల్లకాలువల్లోకి అప్పటికే మళ్లిపోతున్నాయి.

"మనం ముందున్నామా, వెనకున్నామా?" అన్నాడు.

"మా ఊరికి పై కాలువ నుంచి వేరే వస్తుందండి," అన్నాడు యాకోబు. "అది దీనికన్నా ముందుంటుంది."

ఆ తరవాత రోడ్డు రెండు పక్కలా చేపల చెరువులే. మేత బస్తాలు వేసుకున్న లారీ ఒకటి దారి ఇవ్వలేదు. ఇరవై నిమిషాలు దాని వెనకే మేత కంపులో నడిచారు. జ్యోత్స్నకి నిద్ర పట్టింది. తల కిటికీకి కొట్టుకుని మెలకువ వచ్చేసరికి నత్తలంక వచ్చింది. అయిదూ అయిదు.

చెరువు గట్టు మీద జనం ఉన్నారు. బిందెలతో ఆడవాళ్లు ముప్పై మంది పైనే. తూము దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో తెల్లచొక్కా మనిషి కూర్చున్నాడు. వీళ్లని చూసి లేచి నిలబడ్డాడు.

"రండమ్మా, రండి. నేను అబ్బాయిరాజునండి. మీ కాగితం చూశాను. ఉన్నది ఉన్నట్టు రాశారు." అతని గొంతు మెత్తగా ఉంది. "టీ తెప్పించమంటారా?"

"ఆ కాగితం తప్పండి. మళ్లీ నమూనాలు తీయాలి. నీళ్లు వదలడానికి ముందే."

"తప్పా?" అతను యాకోబు వైపు చూశాడు. "ఆరు గంటల్లో మారిపోయిందాండి? యాకోబూ, బస్సెక్కి వెళ్లి ఏం చెప్పావురా మేడంగారికి?"

"నీళ్లు వడపోశానని చెప్పానండి రాజుగారూ."

"దానికేముంది, నేనూ వడపోసే తాగుతాను." జనంలో ఎవరో నవ్వారు. అబ్బాయిరాజు జ్యోత్స్న వైపు తిరిగాడు. "అమ్మా, వీళ్లు మూడు వారాలుగా డబ్బా నీళ్ల మీద బతుకుతున్నారు. కాలువ అరగంటలో వచ్చేస్తుంది. వచ్చిన వెంటనే షట్టరెత్తాలి. లేకపోతే కింది ఊరివాళ్లు లాగేసుకుంటారు. మీ సీసాల కోసం నేను ఆపలేనండి. వీళ్లూ ఆపనివ్వరు."

అందులో అబద్ధం లేదు. అదే చిక్కు.

"అరగంట చాలు," అంది.

*

చెరువు రెండెకరాలు. నీళ్లు నడుం లోతు మిగిలాయి. ఆమె డ్రెయిన్ వైపు వెళ్లి రెండు సీసాలు ముంచింది. చెరువు మధ్య రెండు. చీర కుచ్చిళ్లు దోపి దిగింది కాబట్టి గట్టు మీద ఆడవాళ్లకి కాసేపు కాలక్షేపమైంది. ఇంకా ఈశాన్యం మూల మిగిలింది. కానీ ఆ మూలే అరెకరం ఉంటుంది. ఊట ఎక్కడుందో తెలియకుండా ముంచితే మళ్లీ పై నీరే దొరుకుతుంది. ఉన్నవి రెండే సీసాలు.

"ఎక్కడ?" అంది.

యాకోబు చొక్కా విప్పి గట్టు మీద పెట్టాడు. నీళ్లలోకి దిగి, మోకాళ్లు వంచి, మెల్లగా నడవడం మొదలుపెట్టాడు. రెండడుగులు వేసి ఆగాడు. మళ్లీ రెండడుగులు వేశాడు.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు నెల్సన్.

"కాళ్లతో చూస్తున్నానండి. ఈ ఎండకి నీళ్లు పైనా కిందా సలసలకాగుతున్నాయి. ఊట ఉన్నచోట అరికాలికి చల్లగా తగలాలి."

నాలుగేళ్లుగా జ్యోత్స్న ఆ పని కోసం వాడే థర్మామీటరు తాడేపల్లిగూడెంలో సొరుగులో ఉంది.

అటువైపు తూము దగ్గర కేక వినిపించింది. కాలువ వచ్చింది. ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుని అటు కదిలారు. అబ్బాయిరాజు మనుషులిద్దరు షట్టరు చక్రం పట్టుకున్నారు. చక్రం అర చుట్టు తిరిగి ఆగిపోయింది. తుప్పు. మళ్లీ పట్టారు. కదల్లేదు.

"యాకోబూ," అని అరిచాడు అబ్బాయిరాజు. "దీని కిటుకేదో నువ్వొచ్చి చూడు."

యాకోబు వినలేదు. లేక వినిపించుకోలేదు. ఇంకో రెండడుగులు వేసి ఆగాడు. అతని మొహం మారింది.

"ఇక్కడండి. మంచులా ఉంది."

జ్యోత్స్న అక్కడికి వెళ్లింది. పాదాల కింద బురద లేదు. మెత్తటి ఇసుక. ఇసుకలోంచి చల్లదనం వేళ్ల మధ్య నుంచి పైకి వస్తోంది. ఊపిరి బిగించి మునిగింది. ఉప్పునీళ్లు ముక్కులోకి పోయాయి. సీసా ఇసుకకి ఆనించి, నిండేదాకా పట్టుకుని, నీళ్లలోపలే మూత బిగించింది. పైకి లేచి ఊపిరి తీసుకుని రెండోది ముంచింది.

లేచేసరికి గట్టు మీద ముసలామె ఒకతె, సుందరమ్మ, యాకోబుని తిడుతోంది. "చెరువుని ఉప్పు చేసింది చాలక ఇప్పుడు కాలువ కూడా పోనిస్తావా? కిందూరోళ్లు తూము లేపేశారంట. వస్తావా, రావా?"

జ్యోత్స్న లోపల లెక్క వేసుకుంది. చెరువు ఈ రాత్రి ఇలాగే ఉంటే రేపు సత్యవతిని ఇక్కడికే రప్పించవచ్చు. ఆమె కళ్లముందే తీయవచ్చు. ఎవరూ కాదనలేరు. షట్టరు కిటుకు ఈ ఊళ్లో ఒక్కడికే తెలుసు.

"యాకోబు గారూ," అంది మెల్లగా. "ఒక్క రాత్రి ఆగితే మీకు మంచిది."

అతను నీళ్లలో నిలబడి గట్టు మీది బిందెల వైపు చూశాడు.

"మీకు రెండు సీసాలు దొరికాయి కదండి," అన్నాడు. "నీళ్లు నా డ్యూటీ అండి."

ఒడ్డెక్కి, తడి లుంగీతోనే తూము దాకా పరిగెత్తాడు. చక్రాన్ని ముందు వెనక్కి తిప్పాడు. పక్కనున్న ఇనుప ఊచని మడమతో రెండుసార్లు తన్నాడు. అప్పుడు ఎత్తాడు. షట్టరు మూలుగుతూ లేచింది. మట్టిరంగు గోదావరి నీళ్లు చెరువులోకి దూకాయి. అతని సాక్ష్యం మీదకే దూకాయి. ఎవరూ అతనికి థాంక్సు చెప్పలేదు. సుందరమ్మ బిందె ముంచుకుని వెళ్లిపోయింది.

జీపు బ్యాటరీ మీద యంత్రం నడిపారు. మొదట డ్రెయిన్. డెబ్భై. చెరువు మధ్య, మూడు వందల పది. ఆఖరున మూల. నెల్సన్ తెర చూసి ఆమె వైపు తిప్పాడు.

నాలుగు వేల ఆరు వందలు.

*

సోమవారం ఏలూరులో విచారణ గదిలో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి లేదు. సత్యవతి ముందు రెండు కాగితాలున్నాయి. ఆమెకీ నిద్ర లేనట్టే ఉంది. ఆవులిస్తూ మొదటి కాగితం ఎత్తింది.

"దీంట్లో యాభై. దీంట్లో నాలుగు వేల ఆరు వందలు. ఒకటే చెరువు, ఒకటే సంతకం. ఏది నమ్మమంటారండి?"

"రెండోది. మొదటిది నా తప్పు. నమూనా ఎలా తీశారో అడగకుండా ఫలితం ఇచ్చాను. అలాగే రాసిస్తాను."

"అలా రాస్తే మీ పైవాళ్లకి కాపీ వెళ్తుంది. తెలుసా?"

"తెలుసండి."

అబ్బాయిరాజు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మేడంగారు మంచివారు. నాలుగేళ్లు వీడి పడవెక్కారు. జాలి ఉంటుంది. కాదనను. కానీ శనివారం మధ్యాహ్నం వీడు వెళ్లి కలవగానే లెక్క మారింది. ఇప్పుడు మళ్లీ తీద్దామంటే చెరువు నిండిపోయింది."

అది వాదనగా బాగానే ఉంది. సత్యవతి కలం ఆగింది. జ్యోత్స్న కాగితం మీద 'తప్పు పూర్తిగా నాది' అని రాస్తోంది. యాకోబు లేచి నిలబడ్డాడు.

"తప్పు మేడంగారిది కాదండి. నీళ్లు వడపోసింది నేనండి."

జ్యోత్స్న కళ్లు మూసుకుంది. ఆ మాట రాకూడదనే ఆమె అంతా తన మీద వేసుకుంది.

"విన్నారా అండి," అన్నాడు అబ్బాయిరాజు. "ముద్దాయే నమూనా తీసి, ముద్దాయే మార్చాడు. ఇంకా ఏం విచారిస్తారు?"

సత్యవతి యాకోబుని చూసింది.

"ఎందుకు వడపోశావు?"

"మంచినీళ్లు కదండి. ఒకరికిచ్చేటప్పుడు వడపోసే ఇస్తాం."

ఆమె జ్యోత్స్న వైపు తిరిగింది. "వడపోస్తే లెక్క పెరుగుతుందా, తగ్గుతుందా?"

"తగ్గుతుంది."

"తగ్గితే ఎవరికి నష్టం?"

"ఆయనకే."

"అయితే నాకు ఒకటి అర్థం కావట్లేదు రాజుగారూ." సత్యవతి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఎవరైనా సాక్ష్యం మారిస్తే తన మీదకి రాకుండా మారుస్తారు. ఈయన తన మీదకే వచ్చేలా మార్చుకున్నాడు. రెండోసారి ఇంకా బాగా మార్చుకోవడానికి రెండు బస్సులు మారి వెళ్లాడు. శనివారం షట్టరు ఎత్తకుండా ఉంటే ఈయన కేసు గెలిచేది. ఎత్తాడు. ఇరవై ఏళ్లుగా విచారణలు చేస్తున్నాను. ఇలా దొంగతనం చేసేవాడిని నేను చూడలేదు."

"చెరువు నిరుడు ఎంత లోతు తవ్వారు? అనుమతి పన్నెండు అడుగులకే కదా."

"అది వేరే ఫైలు అమ్మా," అన్నాడు మెత్తగా.

"అవును, వేరే ఫైలే," అంది ఆమె. ఒక్క క్షణం ఎదురు గోడ వైపు చూసింది. అక్కడ బీరువాల మీద కట్టలు కట్టలుగా వేరే ఫైళ్లున్నాయి. "నా చేతిలో ఉన్నది ఇదొక్కటే. యాకోబు రేపటి నుంచి డ్యూటీకి వెళ్లొచ్చు. ఉత్తరువు సాయంత్రం తీసుకోండి."

*

బయట వేపచెట్టు నీడలో నెల్సన్ జీపు ఆపి పెట్టాడు. హైదరాబాద్ వాళ్లు పొద్దున్నే వచ్చి యంత్రం తీసుకెళ్లారు. ఆదివారమంతా నిద్రపోకుండా పెట్టినా ఇరవై సీసాల్లో తొమ్మిదే పనికొచ్చాయి. మిగిలిన వాటి అంకెలు రేడాన్ ఉందో లేదో చెప్పలేనంతగా కిందకి పోయాయి. అవి వెనక సీట్లో ఇంకా అలాగే ఉన్నాయి. నంబర్లు, తేదీలు, సమయాలు, బుడగ లేని నీళ్లు.

"జూలై మాటేంటి మేడమ్?" అన్నాడు నెల్సన్.

"తొమ్మిది సీసాలతో ఏం రాస్తామో చూద్దాం. నా ఉత్తరం కాపీ వెళ్లాక వాళ్లేం రాస్తారో కూడా చూద్దాం."

యాకోబు మెట్లు దిగి వచ్చాడు. రెండు చేతులు జోడించబోతే ఆమె వద్దంది.

"వర్షాలదాకా చెరువు బాగానే ఉంటుంది," అంది. "మళ్లీ వేసవికి నీళ్లు తగ్గితే ఆ మూల మళ్లీ ఊరుతుంది. బంకమట్టి వేసి మూయకపోతే ఏటా ఇంతే."

"ఆయ్. ఈ ఏడు నన్ను అన్నట్టే వచ్చే ఏడు కూడా నన్నే అంటారండి." అతను చిన్నగా నవ్వాడు. "అప్పటికి మీరుంటారో ఉండరో కదండి. ఆ సీసా ఎలా ముంచాలో నాకు సరిగ్గా చెప్పి వెళ్లండి."

ఆమె వెనక సీట్లోంచి పందొమ్మిదో నంబరు సీసా తీసి, నీళ్లు నేల మీద ఒంపి, అతనికిచ్చింది. పక్కనే ఆఫీసు కుళాయి కింద తొట్టి ఉంది. అతను చేయి మోచేతి దాకా ముంచి, సీసా నింపి, మూత లోపలే బిగించాడు. ఎత్తి వెలుగులో చూపించాడు. అడుగున నాచు, రెండు నలకలు.

"ఇలాగేనాండి?"

"ఇలాగే."

"మురికిగా ఉంది," అన్నాడు, మనసొప్పక.

తరవాత తన సంచిలోంచి స్టీలు చెంబు తీశాడు. ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు చెంబులోకి ఒంపుతూ దాని మూతికి తుండు అడ్డం పెట్టాడు. ఆమె చూస్తోందని గుర్తొచ్చి చేయి ఆగిపోయింది.

"కానివ్వండి," అంది జ్యోత్స్న. "అవి తాగడానికే కదా."

రెండు చేతులతో చెంబు అందుకుని, జీపు మెట్టు మీద కూర్చుని, మొత్తం తాగేసింది.